మే 8, 1974: లెక్కలోకి రాని కప్పు

అందరికీ నమస్కారం. ఉగాది శుభాకాంక్షలు. వేదిక మీదున్న పెద్దలకు, తెల్లవారుజామునే లేచి ఇంతమందికి పులిహోర కలిపిన అక్కలకు, హాలె నుంచి, లైప్‌జిగ్ నుంచి పిల్లల్ని వెంటబెట్టుకుని రైలెక్కి వచ్చిన కుటుంబాలకు, ఈ హాలు కోసం నెల రోజులు తిరిగిన విద్యార్థులకు పేరుపేరునా కృతజ్ఞతలు. మాగ్డెబుర్గ్‌లో ఇంతమంది తెలుగువాళ్ళు ఒక్కచోట కూర్చుంటారని 2003లో నేనిక్కడికి చదువుకు వచ్చినప్పుడు ఊహించలేదు. అప్పట్లో ఎవరింట్లోనైనా కరివేపాకు ఉందని తెలిస్తే అది మా అందరికీ పెద్ద కబురు.

నాకిచ్చిన విషయం ‘యూరప్ పోటీల్లో జర్మన్ క్లబ్బుల విజయాలు’. ఇరవై నిమిషాలన్నారు. మన కుర్రాళ్ళు రాత్రుళ్ళు ఛాంపియన్స్ లీగ్ చూస్తారు కాబట్టి వాళ్ళకు నచ్చేలా మాట్లాడమన్నారు. అలాగే మొదలుపెడతాను.

యూరప్ కప్పు గెలిచిన మొదటి జర్మన్ క్లబ్బు బోరుస్సియా డోర్ట్‌మండ్. 1966 మేలో గ్లాస్గోలో లివర్‌పూల్ మీద, అదనపు సమయంలో 2-1. అది కప్ విన్నర్స్ కప్. తమ దేశంలో కప్పు గెలిచిన క్లబ్బులు ఆడే పోటీ అది, ఇప్పుడు లేదు. మరుసటి ఏడాది అదే కప్పు బయర్న్ మ్యూనిక్ గెలిచింది. 1974, 1975, 1976 మూడేళ్ళూ యూరోపియన్ కప్ బయర్న్‌దే. దాన్నే ఇప్పుడు మనం ఛాంపియన్స్ లీగ్ అంటున్నాం. తర్వాత 2001, 2013, 2020తో కలిపి బయర్న్‌కు ఆరు. 1983లో ఏథెన్స్‌లో ఫెలిక్స్ మాగాట్ కొట్టిన ఒక్క గోల్‌తో యువెంటస్‌ను ఓడించి హాంబుర్గ్ గెలిచింది. 1997లో డోర్ట్‌మండ్. ఈ పెద్ద కప్పు గెలిచిన జర్మన్ క్లబ్బులు ఈ మూడే. 1980లో ఇంకో వింత జరిగింది. ఇప్పటి యూరోపా లీగ్‌కు అప్పటి పేరైన యూయెఫా కప్‌లో సెమీఫైనల్‌కు చేరిన నాలుగు జట్లూ జర్మనీవే. ఫ్రాంక్‌ఫర్ట్ గెలిచింది. అదే ఫ్రాంక్‌ఫర్ట్ 2022లో సెవియ్యాలో పెనాల్టీల మీద యూరోపా లీగ్ కూడా గెలిచింది.

ఇది ఎవరైనా చెప్పే లెక్కే. ఫోన్ తీస్తే మీకే దొరుకుతుంది. కానీ మధ్యలో నేనొకటి వదిలేశాను. ఎవరికైనా తట్టిందా? ఈ ఊళ్ళో చదువుకుంటున్న పిల్లల్ని అడుగుతున్నాను. ఒక్కరికైనా తట్టిందా?

చదువయ్యాక దక్షిణ జర్మనీలో ఒక కంపెనీలో చేరాను. ఒకరోజు భోజనాల దగ్గర ఇదే లెక్క వచ్చింది. యూరప్ కప్పులు గెలిచిన జర్మన్ క్లబ్బుల పేర్లు ఒక్కొక్కరూ చెబుతున్నారు. బ్రేమెన్ అన్నారు, లెవర్‌కూజెన్ అన్నారు, షాల్కె అన్నారు. నేను ‘మాగ్డెబుర్గ్’ అన్నాను. మా పై అధికారి ఫోర్కు పక్కన పెట్టి, అది లెక్కలోకి రాదు, అప్పట్లో అది తూర్పు జర్మనీ, వేరే దేశం కదా అన్నాడు. మిగతావాళ్ళు తలూపారు. నాకు అన్నం దిగలేదు. ఆ రోజు నేను జవాబు చెప్పలేదు. అప్పటి నుంచీ ఆ జవాబు నా దగ్గరే ఉండిపోయింది. దాన్ని చెప్పడానికే ఇవాళ ఈ అవకాశం తీసుకున్నాను. నిర్వాహకులు మన్నించాలి.

చదువుకునే రోజుల్లో ఇక్కడ నేనున్న గది ఇంటాయన జీవితమంతా ఈ ఊరి భారీ యంత్రాల కర్మాగారంలో లేతు మీద పనిచేసిన మనిషి. 1990 తర్వాత ఆయన ఉద్యోగం పోయింది. నా జర్మన్ అంతంతమాత్రం, ఆయనకు ఇంగ్లీషు రాదు. ఇద్దరం ఫుట్‌బాల్‌లోనే మాట్లాడుకునేవాళ్ళం. ఒక శనివారం నన్ను ఎల్బె నది అవతల ఉన్న పాత ఎర్న్‌స్ట్ గ్రూబె స్టేడియానికి తీసుకెళ్ళాడు. అప్పటికి క్లబ్బు దివాలా తీసి నాలుగో శ్రేణిలో ఆడుతోంది. మెట్ల మధ్య గడ్డి మొలిచింది. ఇదేం ఆటండీ, ఎందుకొస్తారు మీరు అని అడిగాను. ఆయన జవాబు చెప్పలేదు. సాయంత్రం ఇంటికొచ్చాక బీరువాలోంచి ఒక పాత పత్రిక తీసి బల్ల మీద పరిచాడు. తెల్లటి బాత్‌రోబ్‌లు వేసుకున్న కుర్రాళ్ళు కప్పు పట్టుకుని మైదానమంతా తిరుగుతున్న ఫోటో. స్నానానికి పోతూ వెనక్కి వచ్చినట్టున్నారు. వేలు పెట్టి ఒక్కొక్కరి ఊరు చెప్పాడు. పేర్లు కాదు, ఊళ్ళు. స్పార్‌వాసర్‌ది హాల్బర్‌ష్టాట్. హోఫ్‌మన్‌ది గొమ్మెర్న్. పొమ్మెరెన్కెది వెగెలేబెన్. మీరు సెలవు రోజున లోకల్ రైలెక్కి చూసొచ్చే ఊళ్ళే ఇవన్నీ. మన దగ్గర ఒక జిల్లా కేంద్రం, చుట్టుపక్కల మండలాల పిల్లలు కలిసి యూరప్ కప్పు తెచ్చినట్టు!

అది కప్ విన్నర్స్ కప్ ఫైనల్. తేదీ 1974 మే 8. ఊరు రోటర్‌డామ్. ఎదురుగా ఏసీ మిలాన్, క్రితం ఏడాది అదే కప్పు గెలిచిన జట్టు. కెప్టెన్ రివేరా. అరవై వేలకు పైగా పట్టే స్టేడియంలో ఐదు వేల మంది కూడా లేరు. మాగ్డెబుర్గ్ జనాన్ని సరిహద్దు దాటనివ్వలేదు కాబట్టి ఏరిన కొద్దిమంది మాత్రమే వెళ్ళారు. ఇరవై ఏళ్ళు క్లబ్బు వెంట తిరిగిన మా ఇంటాయన ఆ మ్యాచ్ పక్కింట్లో టీవీలో చూశాడు. సగం ఆట అయ్యేముందు మిలాన్ ఆటగాడే తమ గోల్‌లోకి కొట్టుకున్నాడు. 74వ నిమిషంలో సెగ్విన్ రెండోది కొట్టాడు. 2-0.

దానికి ముందు సెమీఫైనల్ ఇంకో కథ. ఏప్రిల్ 24న ఈ ఊళ్ళోనే పోర్చుగల్ జట్టు స్పోర్టింగ్‌ను 2-1తో ఓడించారు. తెల్లారేసరికి పోర్చుగల్‌లో తిరుగుబాటు వచ్చి నియంతృత్వం కూలిపోయింది. పాపం ఆ ఆటగాళ్ళు ఇంటికి చేరడానికే నానా అవస్థలు పడ్డారు. దీని గురించి చెబితే ఇవాళ భోజనాలు చల్లారిపోతాయి, వదిలేస్తాను.

ఇప్పుడు తేదీలు చూడండి. మాగ్డెబుర్గ్ గెలిచింది మే 8న. మే 15న బ్రస్సెల్స్‌లో బయర్న్, అట్లెటికో మాడ్రిడ్ చేతిలో దాదాపు ఓడిపోయింది. 120వ నిమిషంలో ష్వార్ట్‌సెన్‌బెక్ దూరం నుంచి కొట్టి నిలబెట్టాడు. మే 17న మళ్ళీ ఆడి 4-0తో గెలిచారు. జర్మనీకి మొదటి యూరోపియన్ కప్ అదే, పుస్తకాలన్నీ అక్కడి నుంచే మొదలవుతాయి. అంతకు తొమ్మిది రోజుల ముందే మన ఊరి కుర్రాళ్ళు మిలాన్‌ను ఓడించి వచ్చారు. తొమ్మిది రోజులు! ఆ మరుసటి నెలలోనే, జూన్ 22న హాంబుర్గ్‌లో ప్రపంచ కప్ మ్యాచ్‌లో పశ్చిమ జర్మనీని తూర్పు జర్మనీ 1-0తో ఓడించింది. ఆ గోల్ కూడా మన స్పార్‌వాసర్‌దే.

వేరే దేశమట. భాష ఒక్కటే, నది ఒక్కటే, ఆట ఒక్కటే. ఆ దేశం పోయింది కాబట్టి దాని కప్పు కూడా పోవాలా?

ఆ జట్టు కోచ్ పేరు హైన్‌ట్స్ క్రూగెల్. ఈ పేరు రాసుకోండి తమ్ముళ్ళూ. అదే ఏడాది శరత్కాలంలో యూరోపియన్ కప్‌లో మాగ్డెబుర్గ్‌కు బయర్న్ ఎదురైంది. మ్యూనిక్‌లో 3-2తో ఓడారు. రెండో మ్యాచ్ ఇక్కడ. బయర్న్ డ్రెస్సింగ్ రూమ్‌లో రహస్య పోలీసులు మైకులు పెట్టారని, అక్కడి మాటలు వినమని తనతో అన్నారని, అలా గెలవడం తనకొద్దని వినలేదని క్రూగెల్ తర్వాత చెప్పారు. ఆ మ్యాచ్ 2-1తో ఓడిపోయారు. 1976లో ఆయన్ను తీసేశారు, మళ్ళీ పెద్ద జట్టుకు కోచ్ కానివ్వలేదు. యూరప్ కప్పు తెచ్చిన మనిషిని ఒక చిన్న క్లబ్బులో భవనాలు, మైదానాలు చూసుకునే పనిలో పెట్టారు. ఇది నాకు మా ఇంటాయన చెప్పినప్పుడు ఆయన గొంతు మారిపోయింది. ఇప్పుడు చెబుతుంటే నా గొంతూ మారుతోంది, మీకు తెలుస్తూనే ఉంటుంది.

‘50+1’ నిబంధన గురించి రెండు పేజీలు రాసుకొచ్చాను. క్లబ్బు ఓట్లలో సగానికి పైగా సభ్యుల చేతుల్లోనే ఉండాలన్నది దాని సారం. ఆ పేజీలు మడిచి పెట్టేస్తున్నాను. తర్వాత ఎవరైనా అడిగితే టీ తాగుతూ చెబుతాను. దానికంటే ముఖ్యమైనది ఇంకొకటుంది.

1997లో డోర్ట్‌మండ్ ఛాంపియన్స్ లీగ్ గెలిచినప్పుడు మైదానంలోకి వచ్చిన కొన్ని సెకన్లకే, మొదటి తాకుడులోనే గోల్ కొట్టిన లార్స్ రికెన్ ఆ ఊరి కుర్రాడే, వయసు ఇరవై. ఆ జట్టు రక్షణకు నడుమ నిలబడిన మథియాస్ సామర్ మాత్రం డ్రెస్డెన్ వాడు, తూర్పువాడు. 2002లో లెవర్‌కూజెన్‌ను ఫైనల్ దాకా మోసుకెళ్ళిన బల్లాక్ కెమ్నిట్స్‌లో పెరిగాడు. టోనీ క్రోస్ గ్రైఫ్స్‌వాల్డ్‌లో పుట్టాడు. బెర్లిన్ గోడ పడిపోయాక డబ్బు లేక తూర్పు క్లబ్బులు ఖాళీ అయిపోయాయి. వాళ్ళు పెంచిన పిల్లలు పడమటి క్లబ్బులకు వెళ్ళారు. ఆ పిల్లల విజయాలు లెక్కలోకి వస్తాయి. వాళ్ళను తయారుచేసిన ఊళ్ళ విజయం మాత్రం లెక్కలోకి రాదు. ఆ భోజనాల బల్ల దగ్గర నేను చెప్పాల్సిన మాట ఇదే.

తూర్పు క్లబ్బే అయిన యేనా 1981లో ఇదే కప్పు ఫైనల్ ఆడి ఓడింది. 1987లో లైప్‌జిగ్ కూడా. సెమీఫైనల్ పెనాల్టీల్లో గెలుపు గోల్ కొట్టింది వాళ్ళ గోల్‌కీపరే! లైప్‌జిగ్ నుంచి వచ్చినవాళ్ళు ఇంటికెళ్ళి మీ పక్కింటి తాతను అడగండి, ఆ రాత్రి ఎక్కడున్నాడో. కానీ గెలిచి తెచ్చింది ఒక్క మాగ్డెబుర్గే. తూర్పు జర్మనీ క్లబ్బులకు దక్కిన ఒకే ఒక్క యూరప్ కప్పు అది.

మా ఇంటాయన ఇప్పుడు లేరు. ఆ పత్రిక నా దగ్గరుంది. ఇదిగో, జాగ్రత్తగా చేతులు మార్చుకుంటూ చూడండి, మడతల దగ్గర చిరిగిపోతోంది. కొత్త స్టేడియం ముందున్న చౌరస్తాకు క్రూగెల్ పేరు పెట్టారు. మీలో చాలామంది రోజూ ఆ పక్కనుంచే వెళ్తుంటారు. రేపు ఆదివారం పొద్దున పదింటికి నేనక్కడ ఉంటాను. ఒక్కొక్కరి ఊరు చెబుతాను, మా ఇంటాయన చెప్పినట్టే. వచ్చేవాళ్ళు ఒకసారి చేతులెత్తండి, లెక్కపెట్టుకుంటాను.