నొప్పి వచ్చేదాకా ఆగకండి

శ్రోతలకు నమస్కారం. మీరు ఏ పనిలో ఉన్నా సరే, వింటూనే ఒక్కసారి నాలుక కొనతో మీ కింది ముందుపళ్ళ వెనక వైపు తడిమి చూడండి. ఎవరూ చూడరు లెండి, ఇది రేడియోనే కదా. నున్నగా, గాజు మీద వేలు జారినట్టు ఉందా? సంతోషం. గరుగ్గా, పన్నుకీ పన్నుకీ మధ్య సందు పూడిపోయినట్టు తగిలిందా? అయితే అది గార. నాలుక కింద ఉండే లాలాజల గ్రంథుల నాళాలు సరిగ్గా అక్కడే తెరుచుకుంటాయి. ఆ లాలాజలంలోని కాల్షియం పళ్ళ మీది పాచిలో చేరి రాయిలా బిగుసుకుంటుంది, అందుకే గార తొందరగా కట్టే చోట్లలో అదొకటి. పాచి మెత్తగా ఉన్నంతవరకే బ్రష్‌కి లొంగుతుంది. గార అయ్యాక మీరెంత తోమినా రాదు, డాక్టరు పరికరంతో తీయాల్సిందే. బలంగా రుద్దితే గార పోదు సరికదా చిగురు అరిగి కిందికి జారుతుంది.

నేను డాక్టర్ని కాను. పన్ను విషయంలో దెబ్బతిన్నవాణ్ణి, ఆ తర్వాత బుద్ధి తెచ్చుకుని నాలుగు విషయాలు తెలుసుకున్నవాణ్ణి. నా ఎడమ దవడపన్ను మీద చిన్న నల్లటి చుక్క ఉండేది. నొప్పి లేదు, నమలడానికి ఇబ్బంది లేదు, ఇక డాక్టరు దగ్గరికి ఎందుకు అనుకున్నాను. కొన్నాళ్ళకి చల్లనీళ్ళు తగిలితే జివ్వుమనేది, ఆ వైపు తాగడం మానేశాను, అదే పెద్ద తెలివి అనుకుని. మరికొన్నాళ్ళకి ఆ జివ్వుమనడం కూడా ఆగిపోయింది. చూశారా, దానంతట అదే తగ్గింది అని ఇంట్లో గొప్పలు కూడా పోయాను. తగ్గలేదండీ, లోపల నరం చచ్చిపోయింది. ఆ సంగతి ఓ అర్ధరాత్రి చెంప వాచి, తల దిండు మీద పెట్టలేక కూర్చున్నప్పుడు తెలిసింది. చిన్న ఫిల్లింగ్‌తో పోవాల్సింది రూట్ కెనాల్, దాని మీద క్యాప్, ఇన్నిసార్లు తిరగడం, అంత ఖర్చు అయింది.

పన్ను కట్టడమే అలాంటిది. పైన ఉండే ఎనామిల్ మన ఒంట్లోకెల్లా గట్టి పదార్థం, ఎముకకన్నా గట్టిది, బరువులో దాదాపు 96 శాతం ఖనిజమే. కానీ అందులో నరం లేదు, బతికున్న కణం ఒక్కటీ లేదు. అంటే పుచ్చు మొదలైనా అది మీకు చెప్పలేదు, పోయిన భాగాన్ని తిరిగి పెంచుకోలేదు. విరిగిన ఎముక అతుక్కుంటుంది, ఎనామిల్‌కి గుంట పడితే పడ్డట్టే. దాని కింద ఉండే డెంటిన్ దాకా పుచ్చు దిగితే చల్లదనం, తీపి తగిలి జివ్వుమంటుంది, ఇంకా లోపలికి, నరం ఉన్నచోటికి చేరితే నా అర్ధరాత్రి కథ. నొప్పి అనేది పన్ను మొదట చెప్పే మాట కాదు, చివర్లో పెట్టే కేక.

మరి ఈ పుచ్చు ఎలా వస్తుంది? చిన్నప్పుడు పురుగు తొలుస్తుందని చెప్పేవారు, పురుగూ లేదు ఏమీ లేదు. నోట్లో ఉండే బ్యాక్టీరియా మనం తిన్న చక్కెరని తిని ఆమ్లం విడుస్తుంది. ఆమ్లాన్ని కొలిచే అంకెని పీహెచ్ అంటారు, అది ఎంత తగ్గితే ఆమ్లం అంత ఎక్కువని లెక్క. ఆ ఆమ్లం వల్ల పన్ను మీద పీహెచ్ సుమారు 5.5 కంటే కిందికి పడిపోతే ఎనామిల్‌లోని ఖనిజం కరగడం మొదలవుతుంది. తర్వాత అరగంటో ఇంకాస్త ఎక్కువసేపో పట్టి లాలాజలం ఆ ఆమ్లాన్ని విరిచేస్తుంది, కరిగిన ఖనిజాన్ని కొంత తిరిగి పన్నుకి అందిస్తుంది కూడా. రోజంతా నోట్లో ఈ పోవడం రావడం జరుగుతూనే ఉంటుంది.

ఇక్కడే చాలామంది పొరపడేది. ఎంత తీపి తిన్నాం అనేదానికంటే ఎన్నిసార్లు తిన్నాం అనేది పళ్ళకి ముఖ్యం. భోజనంతోపాటు ఒక స్వీటు తిని ఊరుకున్నారనుకోండి, ఒక్కసారి ఆమ్లం, తర్వాత లాలాజలానికి సమయం దొరుకుతుంది. అదే ఓ కూల్‌డ్రింక్ సీసా టేబుల్ మీద పెట్టుకుని పని చేసుకుంటూ రెండు మూడు గంటలపాటు గుక్కగుక్కగా తాగితే, పన్నుకి ఊపిరాడదు. అది చక్కెర కాదు తేనె కదా, ఇది తాజా పళ్ళరసం కదా అంటారు కొందరు. పళ్ళు ఊడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం! బ్యాక్టీరియాకి అన్నీ ఒకటే. పుల్లటివి తాగితే ఇంకో తంటా, వాటిలో ఆమ్లం ముందే ఉంటుంది, ఎనామిల్ పైపొర కాసేపు మెత్తబడుతుంది, కాబట్టి తాగిన వెంటనే బ్రష్ చేయకుండా నీళ్ళతో పుక్కిలించి ఓ అరగంట ఆగండి.

బ్రష్ చేయడం గురించి మీకు తెలియందేముంది అంటారేమో. పొద్దున్నే తోమేవాళ్ళు అందరూ ఉన్నారు, రాత్రి తోమేవాళ్ళనే వేళ్ళ మీద లెక్కపెట్టాలి. నన్నడిగితే రెండింట్లో రాత్రిదే ముఖ్యం, ఎందుకంటే నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది, కాపలా లేని ఇంట్లో దొంగలకి పండగే. మెత్తటి బ్రష్ తీసుకుని, కుచ్చు చిగురూ పన్నూ కలిసే గీత మీదికి కాస్త ఏటవాలుగా ఆనించి, చిన్నచిన్న సున్నాలు చుట్టినట్టు రెండు నిమిషాలు. రెండు నిమిషాలంటే ఎంతసేపో ఓసారి గడియారం పెట్టుకుని చూడండి, మనం తోమేది అందులో సగం కూడా ఉండదు. పేస్టులో ఫ్లోరైడ్ ఉందో లేదో డబ్బా మీద చదవండి, పెద్దవాళ్ళకి సాధారణంగా 1000 నుంచి 1500 పీపీఎం దాకా, అంటే పది లక్షల పాళ్ళ పేస్టులో అన్ని పాళ్ళు, ఉంటే చాలు. తోమాక నురగ ఉమ్మేసి ఊరుకోండి, నోరంతా నీళ్ళతో కడిగేస్తే ఆ ఫ్లోరైడ్ కాస్తా కాలవలో కలుస్తుంది. ఇది నాకు కొత్తగా అనిపించింది, మొదట్లో ఏదోలా ఉంటుంది కానీ వారంలో అలవాటైపోతుంది. పళ్ళ సందుల్లోకి ఏ బ్రష్షూ పోదు కాబట్టి దారంతోనో, సందుల్లో దూరే చిన్న బ్రష్‌తోనో రోజుకోసారి శుభ్రం చేసుకోవాలి.

పిల్లల సంగతికొస్తే, పాలపళ్ళు ఎలాగూ ఊడిపోయేవే కదా అని వదిలేస్తారు. అవి కొన్ని 11, 12 ఏళ్ళ దాకా ఉంటాయి, వెనక వచ్చే పళ్ళకి చోటు పట్టి ఉంచేవీ అవే. మొదటి పన్ను కనిపించిన రోజునుంచే తోమాలి, మూడేళ్ళ లోపు వాళ్ళకి బియ్యపుగింజంత పేస్టు, ఆ తర్వాత ఆరేళ్ళ దాకా బఠాణీ గింజంత. ఇంకో విషయం చాలామంది అమ్మానాన్నలకి తెలియదు. సుమారు ఆరేళ్ళప్పుడు పాలపళ్ళ వెనక ఒక పెద్ద దవడపన్ను వస్తుంది. ఏ పన్నూ ఊడకుండానే వస్తుంది కాబట్టి అదీ పాలపన్నే అనుకుంటారు. అది జన్మంతా ఉండాల్సిన పన్ను! దాని గుంటల్లోకి బ్రష్ సరిగా చేరదు, అందుకే డాక్టర్లు వాటిని మూసేసే సీలెంట్ అనే పూత వేస్తారు, నొప్పీ గట్రా ఏమీ ఉండదు, అడగండి.

ఇప్పుడు చిగుళ్ళు. బ్రష్ చేస్తుంటే రక్తం వచ్చిందనుకోండి, మనం చేసే మొదటి పని అక్కడ తోమడం మానేయడం. సరిగ్గా తిరగబడిన వైద్యం ఇది. డెన్మార్క్‌లో హెరాల్డ్ లోయె అనే పరిశోధకుడు, ఆయన సహచరులు 1965లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. ఆరోగ్యమైన చిగుళ్ళున్న 12 మందిని, వాళ్ళలో ఎక్కువమంది దంతవైద్య విద్యార్థులే, పళ్ళు తోమడం మానేయమన్నారు. మూడు వారాల్లోపే అందరికీ చిగుళ్ళు వాచాయి. మళ్ళీ తోమడం మొదలుపెట్టగానే కొద్దిరోజుల్లో తగ్గిపోయాయి. ఇంత చిన్న ప్రయోగం ఒక సంగతి తేల్చింది, పాచి పేరుకోవడమే జబ్బు, దాన్ని తీసేయడమే మందు. రక్తం వస్తున్నచోట మెత్తగా, కానీ మానకుండా తోమండి. రెండు వారాలైనా ఆగకపోతే చూపించుకోండి. ఎందుకంటే వాపు చిగురు వరకే ఉంటే పూర్తిగా తగ్గుతుంది, పన్నుని పట్టుకున్న ఎముక కరగడం మొదలైతే ఆపగలరు కానీ పోయిన ఎముకని మామూలుగా తిరిగి తేలేరు. షుగరు ఉన్నవాళ్ళకి ఈ చిగుళ్ళ జబ్బు ఎక్కువ, చిగుళ్ళ జబ్బు ఉంటే షుగరు అదుపులోకి రావడమూ కష్టమే. పొగతాగేవాళ్ళతో ఇంకో చిక్కు, పొగాకు వల్ల చిగుళ్ళకి రక్తప్రసారం తగ్గి, జబ్బు ముదురుతున్నా రక్తం కనిపించదు, మా చిగుళ్ళు బాగానే ఉన్నాయి అనుకుంటారు పాపం.

గార తీయించుకుంటే పళ్ళు వదులవుతాయన్న భయం నాకూ ఉండేది. అసలు జరిగేది ఏమిటంటే, చిగురు జారి, ఎముక తగ్గి, కదిలిపోతున్న పళ్ళని గారే సిమెంటులా పట్టి ఉంచినట్టు కనిపిస్తుంది. ఆ గార తీయగానే ఉన్న వదులు బయటపడుతుంది. పళ్ళని కదిలించింది డాక్టరు కాదు, అన్నేళ్ళు పేరుకున్న ఆ గారే.

డాక్టరు దగ్గరికి ఎన్నాళ్ళకోసారి వెళ్ళాలి? ఆర్నెల్లు అని అందరం వింటుంటాం, అదేమీ శిలాశాసనం కాదు. షుగరు, చిగుళ్ళ జబ్బు, నోరు ఎండిపోయే మందులు, పొగాకు, తరచూ పుచ్చులు, ఇలాంటివి ఉన్నవాళ్ళు మూడు నెలలకే వెళ్ళాల్సి రావచ్చు, ఏ గొడవా లేని పెద్దవాళ్ళకి ఏడాదికి పైగా గడువు ఇచ్చే డాక్టర్లూ ఉన్నారు. మీకు ఎంతో ఆయన్నే అడగండి. వెళ్ళినప్పుడు పళ్ళే కాదు, నాలుక పక్కలు, చెంపల లోపలివైపు కూడా చూడమనండి. నోట్లో పుండు గానీ, తెల్లటి లేదా ఎర్రటి మచ్చ గానీ రెండు మూడు వారాలైనా పోకపోతే మాత్రం అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు, వెంటనే చూపించుకోండి, నోటి కాన్సర్ తొలిదశలో చాలాసార్లు నొప్పే ఉండదు.

భయం సంగతి కూడా చెప్పాలి. డ్రిల్ చప్పుడు వింటే నాకు ఇప్పటికీ అరచేతులు చెమర్చుతాయి. కుర్చీలో కూర్చోగానే, నాకు భయమండీ, చెయ్యెత్తితే ఆపుతారా అని అడిగేశాను. ఆపుతానన్నారు, నిజంగానే రెండుసార్లు ఆపారు. ఇప్పుడు నన్ను నాలుగు నెలలకోసారి రమ్మంటున్నారు. మొన్న వెళితే కాస్త గార తీసి, కింది పళ్ళ వెనక ఇంకొంచెం తోమండి అని చెప్పి, పావుగంటలో పంపించేశారు. బయటికి వస్తూ నాలుకతో తడిమి చూసుకున్నాను, గాజులా జారింది. సెలవు.