పాత ప్రోగ్రామ్, కొత్త కంప్యూటర్: ఫోన్-ఇన్‌లో వచ్చిన ప్రశ్నలు

యాంకర్: మొదటి ఫోన్ రాయగడ నుంచి. చెప్పండి.

రాయగడ కాలర్: నమస్కారం బాబూ, వినిపిస్తోందా? మాది కిరాణా హోల్‌సేల్, మునిగుడ, బిస్సంకటక్ వైపు చిన్న దుకాణాలకి సరుకు అరువిస్తాం. లెక్కలన్నీ ఫాక్స్‌ప్రోలో రాయించుకున్న ప్రోగ్రామ్‌లోనే, విండోస్‌కి ముందున్న డాస్‌ది. రాసిచ్చిన కుర్రాడు ఇప్పుడు ఫోనే ఎత్తడు. పాత కంప్యూటర్ మదర్‌బోర్డు పోయింది. మా అబ్బాయి విశాఖపట్నం వెళ్లి కొత్తది తెచ్చాడు, విండోస్ 11 ఉంది. పాత ఫోల్డర్ అంతా అందులోకి కాపీ చేసి నొక్కితే ఈ యాప్ నడవదంటోంది. కంపాటబిలిటీ సెట్టింగ్‌లో పాత విండోస్ ఎక్స్‌పీ అని కూడా పెట్టి చూశాం...

నిపుణుడు: ఆగండి. పాత హార్డ్ డిస్క్ ఏదీ?

రాయగడ కాలర్: ఉంది. ఫార్మాట్ చేసి సీసీ కెమెరాలకి వాడేద్దామంటున్నాడు మావాడు.

నిపుణుడు: వద్దు! ముందు దాన్ని తీసి బీరువాలో పెట్టించండి. ప్రోగ్రామ్ పోతే ఇంకోటి రాయించుకోవచ్చు, మీ బాకీల లెక్క ఎవరు రాసిస్తారు?

రాయగడ కాలర్: అదీ నిజమే. అయితే ఎక్స్‌పీ బదులు విండోస్ 98 అని పెడితే నడుస్తుందా?

నిపుణుడు: ఏం పెట్టినా నడవదండీ. మీది 16 బిట్ ప్రోగ్రామ్, అంటే పాత తరం ప్రాసెసర్లకి రాసింది; మీ కొత్త విండోస్ 64 బిట్‌ది. 64 బిట్ విండోస్‌లో దాన్ని నడిపే భాగమే లేదు. ప్రాసెసర్ కూడా 64 బిట్‌లో పనిచేస్తున్నంతసేపు, డాస్ ప్రోగ్రాములకి కావాల్సిన వర్చువల్ 8086 మోడ్, అంటే పాత ప్రాసెసర్‌లా నడిచే పద్ధతి, ఇవ్వదు. మీ పాత దాంట్లో 32 బిట్ విండోస్ ఉండి ఉంటుంది, అందుకే ఇన్నాళ్లూ సాగింది. విండోస్ 11లో 32 బిట్ రకమే రాలేదు.

రాయగడ కాలర్: అంటే ఎక్స్‌పీ పెట్టినా...

నిపుణుడు: నడవదు. ఆ సెట్టింగ్ ప్రోగ్రామ్‌కి పాత విండోస్‌లా కనిపించేలా చేస్తుందంతే, లేని భాగాన్ని తెచ్చిపెట్టదు. మీకు కావాల్సింది ఎమ్యులేటర్, అంటే పాత కంప్యూటర్‌లా నటించే ప్రోగ్రామ్. డాస్‌బాక్స్-ఎక్స్ ఉచితంగా దొరుకుతుంది. మామూలు డాస్‌బాక్స్ ఆటల కోసం చేసింది, అందులో ప్రింటింగ్ లేదు, లెక్కలకి అది వద్దు. మీ ఫోల్డర్‌కి ఒక కాపీ తీసి, డాస్‌బాక్స్-ఎక్స్‌లో మౌంట్ కమాండ్‌తో ఆ కాపీని సి డ్రైవ్‌గా చూపించమనండి. అసలుది ముట్టుకోవద్దు.

రాయగడ కాలర్: బిల్లులు డాట్ మ్యాట్రిక్స్‌లో తీస్తాం, అదీ...

నిపుణుడు: ప్రింటర్‌కి వేరే సెట్టింగ్ ఉంటుంది, ఓపిగ్గా చేసుకోవాలి. ఇంకో మాట, పని అయ్యాక ఫాక్స్‌ప్రోలోంచి పద్ధతిగా బయటికి రావాలి. పైన ఇంటూ గుర్తు నొక్కి మూసేస్తే మీ లెక్కలుండే డీబీఎఫ్ ఫైల్ పాడవ్వొచ్చు. ఒకే ఫైల్‌ని రెండు చోట్ల తెరవకూడదు. తొందరగా బాకీలు చూసుకోవాలంటే ఆ డీబీఎఫ్ ఫైళ్లు ఎక్సెల్ లాంటి లిబ్రేఆఫీస్ కాల్క్‌లో తెరుచుకుంటాయి, అది కూడా కాపీలోనే. నెమ్మదిగా వేరే ప్రోగ్రామ్‌కి మారండి, ఇలా ఎంతకాలం లాక్కొస్తారు?

రాయగడ కాలర్: సరే బాబూ. మరి అబ్బాయి ఈ కొత్త దాంట్లోనే విండోస్ 7 వేసేస్తానంటున్నాడు...

నిపుణుడు: ఇప్పటి ప్రాసెసర్లకి విండోస్ 7 డ్రైవర్లు, అంటే పరికరాల్ని విండోస్‌తో కలిపే ప్రోగ్రాములు, దొరకవండీ, అతని ఉత్సాహం డాస్‌బాక్స్-ఎక్స్ మీద పెట్టమనండి. బీరువా మరిచిపోకండి!

యాంకర్: థాంక్యూ అండీ. పర్లాకిమిడి నుంచి ఇంకొకరు.

పర్లాకిమిడి కాలర్: సార్, డీటీపీ సెంటర్. పెళ్లి కార్డులు పేజ్‌మేకర్‌లోనే చేస్తాం. కొత్త సిస్టమ్‌లో పేజ్‌మేకర్ తెరుచుకుంది కానీ, తెలుగు ఫాంట్ల సాఫ్ట్‌వేర్ తన డాంగిల్, అదే లైసెన్స్ కోసం గుచ్చే చిన్న పరికరం, దొరకలేదంటోంది.

నిపుణుడు: మీ గొడవ వేరు. పేజ్‌మేకర్ 7 అనేది 32 బిట్ ప్రోగ్రామ్, 64 బిట్ విండోస్ అలాంటివాటిని నడిపిస్తుంది. డాంగిల్ డ్రైవర్ అలా కాదు, 64 బిట్‌దే ఉండాలి. డాంగిల్ అమ్మినవాళ్లని కొత్త డ్రైవర్ అడగండి, లేదంటే ఆ పని పాత సిస్టమ్‌లోనే చేసుకోండి. డాంగిల్ లేకుండా నడిపే దొంగ క్రాక్ జోలికి మాత్రం వెళ్లకండి. పాత ఫైళ్లు కాపీ తీశారా?

పర్లాకిమిడి కాలర్: తీయలేదు సార్...

నిపుణుడు: ఇవాళే తీయండి.

యాంకర్: సమయం తక్కువుంది. బరంపురం, త్వరగా చెప్పండమ్మా.

బరంపురం కాలర్: సర్, ఇంజినీరింగ్ చదువుతున్నా. నాది స్నాప్‌డ్రాగన్ ల్యాప్‌టాప్. ల్యాబ్ సాఫ్ట్‌వేర్ ఇంటెల్ ప్రాసెసర్లకి చేసింది, అయినా తెరుచుకుంది. యూఎస్‌బీలో ల్యాబ్ సర్క్యూట్ బోర్డు పెడితే మాత్రం కనిపించట్లేదు.

నిపుణుడు: విండోస్ 11 ఇంటెల్ ప్రోగ్రాముల్ని నీ స్నాప్‌డ్రాగన్ లాంటి ఆర్మ్ ప్రాసెసర్ల మీద ఎమ్యులేట్ చేస్తుందమ్మా, డ్రైవర్లని చేయదు. బోర్డు కంపెనీ సైట్‌లో ఆర్మ్64 డ్రైవర్ ఉందేమో చూడు. లేకపోతే ఆ ప్రాక్టికల్ కాలేజీ కంప్యూటర్‌లో చేసుకోవడమే. వర్చువల్ మెషిన్, అంటే కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్, వేస్తే సరిపోతుందని ఎవరైనా చెబుతారు, నమ్మకు, అక్కడా ఆర్మ్ విండోసే...

యాంకర్: క్షమించాలి సర్, టైమ్ అయిపోయింది. లైన్లో ఉన్న జయపురం శ్రోత వచ్చే వారం మళ్లీ చేయండి.