యూరో నుంచి గ్రీస్ ఎప్పుడు బయటికి రావాల్సింది?

అందరికీ నమస్కారం.

2015 జూన్ ఆఖర్లో అప్పుల్లో కూరుకుపోయిన గ్రీస్‌లో బ్యాంకులు మూతపడ్డాయి. ఏటీఎంలో రోజుకు 60 యూరోలే తీసుకోవాలి. 20 నోట్లు అయిపోయిన మెషిన్లలో వచ్చేది 50 మాత్రమే. కార్డు లేని పింఛనుదారుల కోసం కొన్ని బ్రాంచీలు తెరిస్తే ముసలివాళ్లు పొద్దున్నే వచ్చి గుమ్మాల ముందు క్యూ కట్టారు. ఆ టెన్షన్‌లోనే జూలై 5న రెఫరెండం, అంటే ప్రజాభిప్రాయ ఓటింగ్, జరిగింది. అప్పులిచ్చినవాళ్ల షరతులు మాకొద్దని 61 శాతం మంది ఓటేశారు. వారం తిరిగేసరికి ప్రధాని సిప్రాస్ అంతకంటే కఠినమైన షరతులకు తలూపారు.

ఇంత గొడవ ఎందుకు, యూరోకి దణ్ణం పెట్టి, అంతకుముందున్న సొంత కరెన్సీ డ్రాక్మాకు పోవచ్చు కదా అంటారు. కొట్టిపారేయాల్సిన మాటేం కాదు. 1991 జూలైలో మన పీవీ ప్రభుత్వం రూపాయి విలువను మూడు రోజుల్లో రెండుసార్లు తగ్గించింది. యూరోలో ఉన్న గ్రీస్‌కు ఆ వీలు లేదు. కరెన్సీని తగ్గించలేక జీతాలు, పింఛన్లు తగ్గించారు. ఆర్థిక వ్యవస్థ నాలుగో వంతు కుంచించుకుపోయింది. 2013లో నిరుద్యోగం 27 శాతం దాటింది.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. బయటికి రావాలంటే 2010లోనే రావాల్సింది. అప్పట్లో గ్రీస్ బాండ్లలో, అంటే ప్రభుత్వం అప్పు కోసం రాసిచ్చిన పత్రాల్లో, దాదాపు 90 శాతం గ్రీకు చట్టం కిందే ఉన్నాయి. ఏథెన్స్ పార్లమెంటు ఒక్క చట్టం చేసి, వీటిని డ్రాక్మాల్లో చెల్లిస్తామని అనగలిగేది. అలా చేయకుండా యూరప్ ప్రభుత్వాలు, ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్య నిధి) ఇచ్చిన 110 బిలియన్ యూరోల బెయిలౌట్, అంటే గట్టెక్కించే అప్పు, తీసుకున్నారు. 2012లో బాండ్ల ముఖవిలువలో సగానికి పైగా కోత పెట్టారు, నిజమే. కానీ వాటికి బదులిచ్చిన కొత్త బాండ్లు ఇంగ్లండ్ చట్టం కిందకు వెళ్లాయి, వాటిని ఏథెన్స్ పార్లమెంటు తన చట్టంతో డ్రాక్మాల్లోకి మార్చలేదు. 2015 నాటికి అప్పులో ఎక్కువ భాగం యూరప్ ప్రభుత్వాలకు, ఐఎంఎఫ్‌కు కట్టాల్సిందే. అప్పుడు డ్రాక్మాకు మారితే ఆదాయం పడిపోయిన డ్రాక్మాల్లో, బాకీ యూరోల్లో. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

అర్జెంటీనాను ఉదాహరణగా చూపిస్తారు. 2002 జనవరిలో తన కరెన్సీ పెసోకు డాలరుతో ఉన్న ముడి తెంచుకుంది, 2003 నుంచి కోలుకుంది. అయితే అక్కడ జనం జేబుల్లో పెసోలు అప్పటికే ఉన్నాయి. గ్రీస్ కొత్తగా నోట్లు అచ్చు వేయించుకోవాలి, అది నెలల పని. చమురు, మందులు బయటినుంచి తెచ్చుకునే దేశమది. సిప్రాస్‌ను ద్రోహి అన్నవాళ్ల నుంచి, ఆ నెలల్లో ఇన్సులిన్ ఏ డబ్బుతో కొనేవారన్న ప్రశ్నకు గట్టి జవాబు నేనింతవరకు వినలేదు.