చీమకుర్తిలో దొరకని రాయి

(చీమకుర్తి. పాలిషింగ్ యూనిట్ ముందు నిలబడి, చేతిలో పిడికెడంత నల్ల రాయి)

ఉల్కల మీద పోయిన వీడియో పెట్టినప్పటి నుంచి వాట్సాప్‌కి ఫోటోలే ఫోటోలు. నల్ల రాయి, పక్కన రూపాయి బిళ్ల, కింద "అన్నా, ఇది ఉల్కేనా?" అని. కాదు తమ్ముళ్లూ. గెలాక్సీ గ్రానైట్ తవ్వే ఊళ్లో నల్ల రాయి దొరకడం వింతేముంది? కొణిజేడు నుంచి ఒకతను "మ్యాగ్నెట్ అంటుకుంది అన్నా" అన్నాడు. అక్కడ కొండల్లో ఉన్నదే ఇనుప ఖనిజం, అంటుకోక ఏం చేస్తుంది?

ఉల్కలు అన్నిచోట్లా పడతాయి. మన పొలాల్లో పడితే వేల రాళ్లలో కలిసిపోతాయి. తెల్లటి మంచు మీద నల్ల రాయి మాత్రం దూరం నుంచే కనపడుతుంది. కింద కిలోమీటర్ల మందాన మంచే, కాబట్టి అంటార్కిటికాలో కొండలకు దూరంగా రాయి కనపడిందంటే పైనుంచి వచ్చిందే అయి ఉండాలి.

(తెర మీద: నీలం మంచు)

1969లో జపాన్ వాళ్లు అక్కడి యమాటో కొండల దగ్గర 9 రాళ్లు ఏరారు. ఒకేచోట దొరికాయి కదా, ఒకే ఉల్క ముక్కలై ఉంటాయని ఎవరైనా అనుకుంటారు. పరీక్షిస్తే అవి వేర్వేరు రకాలు! మరి వీటిని ఒక చోటికి చేర్చిందెవరు?

మంచే. వేల ఏళ్లుగా పడ్డ ఉల్కలను కడుపులో పెట్టుకుని అది మెల్లగా సముద్రం వైపు జారుతుంది. కొండ అడ్డొస్తే ఆగి పైకి లేస్తుంది. అక్కడ ఎండ, ఈడ్చి కొట్టే గాలి దాన్ని పైపైన హరిస్తాయి. మన ఉప్పు మడుల్లో నీరు పోయి ఉప్పు మిగిలినట్టు, మంచు పోయి రాళ్లు మిగులుతాయి.

1976 నుంచి అమెరికా వాళ్లూ వెళ్తున్నారు. స్నోమొబైళ్ల మీద వరసగా, పొలంలో సాళ్లు పట్టినట్టు వెతుకుతారు. దొరికిన రాయిని వట్టి చేత్తో ముట్టుకోరు. శుభ్రమైన సంచిలో వేసి, గడ్డకట్టిన స్థితిలోనే హ్యూస్టన్‌లోని నాసా ల్యాబ్‌కి పంపుతారు.

(యూనిట్‌లోకి. రంపం చప్పుడు)

ఇక వర్గీకరణ. ఇక్కడ స్లాబు 20 మిల్లీమీటర్లకు కోస్తారు. ఉల్క ముక్కను 0.03 మిల్లీమీటర్ల దాకా అరగదీస్తారు, రాయిలోంచి వెలుతురు కనపడాలి! అప్పుడు మైక్రోస్కోపులో గసగసాల్లాంటి గుండ్రటి పూసలు కనిపిస్తే అది కాండ్రైట్. సుమారు 456 కోట్ల ఏళ్ల కిందటివి ఆ పూసలు. రాతి ఉల్కల్లో ఎక్కువ భాగం కాండ్రైట్లే. ఇనుము ఎక్కువుంటే హెచ్, తక్కువైతే ఎల్, ఇనుమూ లోహపు రవ్వలూ ఇంకా తక్కువైతే ఎల్ఎల్. పక్కన 3 నుంచి 6 దాకా అంకె వేస్తారు. పుట్టిన చోట రాయి ఎంత వేడెక్కిందో ఆ అంకె చెబుతుంది. 3 అయితే పూసలు విడివిడిగా ఉంటాయి, 6 అయితే ఉడికిపోయి కలిసిపోతాయి.

(పాలిష్ చేసిన స్లాబు, దగ్గరగా)

ఈ బంగారు చుక్కలు చూశారా? బ్రాంజైట్ అనే ఖనిజం. హెచ్ రకాన్ని ఒకప్పుడు బ్రాంజైట్ కాండ్రైట్ అనే పిలిచేవాళ్లు, అందులోనూ ఇదే ఉంటుంది కాబట్టి. ఇది ఉన్నంత మాత్రాన రాయి ఆకాశం నుంచి పడ్డట్టు కాదు, మళ్లీ ఫోటోలు మొదలుపెట్టకండి.

ఈ కుటుంబపు ఖనిజమే నిపుణులనూ బోల్తా కొట్టించింది. 1984లో అంటార్కిటికాలోని ఆలన్ హిల్స్ దగ్గర దాదాపు 1.9 కిలోల రాయి దొరికింది. పేరు ఏఎల్‌హెచ్ 84001: చోటు, సంవత్సరం, వరస నంబరు. రాయి నిండా ఆ ఖనిజమే, వెస్టా అనే గ్రహశకలం బాపతు రాళ్లలోనూ అదే, అందుకని వాటిలో కలిపేశారు. అది అంగారకుడి నుంచి వచ్చిందని 1993లో గానీ తేలలేదు! 1996లో అందులో సూక్ష్మజీవుల ఆనవాళ్లున్నాయని నాసా వాళ్లు ప్రకటించడంతో ప్రపంచమంతా గోల. చాలామంది శాస్త్రవేత్తలు ఒప్పుకోలేదు, నాకూ నమ్మకం కుదరలేదు.

ఫోటో పంపే వాళ్లకు ఒక్క మాట. రూపాయి బిళ్లతో పాటు, రాయి పెచ్చు ఊడిన చోట దగ్గరగా తీయండి. పైన మిల్లీమీటరు కూడా లేని నల్లటి మాడు పొర, లోపల బూడిద రంగు కనపడితే అప్పుడు ఫోన్ చేయండి, బండేసుకుని నేనే వస్తా.