ఇరుకు చోట్లో లావు అక్షరం

అందరికీ నమస్కారం.

ముందు నా చేతిలో ఉన్న ఈ చెక్కముక్క చూడండి. చేతులు మారుస్తూ వెనక వరసల దాకా పంపించండి. ఇది ఇంగ్లీషు హెచ్. అరచెయ్యంత పొడవు, రెండు వేళ్ల వెడల్పు. నిలువు గీతలు సన్నం. పైనా కిందా మాత్రం దిమ్మల్లాంటి అడ్డపట్టీలు. కౌబాయ్ సినిమాల్లో దొంగ బొమ్మ మీద ‘వాంటెడ్’ అని గోడకి అంటిస్తారే, ఆ తరహా అక్షరం. దీన్ని ఫ్రెంచ్ క్లారెండన్ అంటారు.

అక్షరం గీత చివర ఉండే పట్టీని సెరిఫ్ అంటారు. ఈ దిమ్మలాంటి అడ్డపట్టీ వల్లే దీన్ని స్లాబ్ సెరిఫ్ అంటున్నాం. మనం ఇంటికి వేయించే స్లాబే, అదే మాట. 1810ల్లో లండన్‌లో విన్సెంట్ ఫిగిన్స్ ఇలాంటి అచ్చులు పోశాడు. అంతకుముందు అక్షరాలు ఎక్కువగా పుస్తకం కోసం పుట్టినవి, ఒళ్లో పెట్టుకుని చదువుకునేవి. వీధిలో నడిచిపోయే మనిషిని ఆపి చదివించాల్సిన పని ప్రకటనలతో వచ్చింది. అందుకే అక్షరం ఒళ్లు చేసింది.

లావైతే చాలదు, ఇరుకులో పట్టాలి కూడా. ఇక్కడే 1845 నాటి క్లారెండన్ నాకు చాలా ఇష్టం. లండన్ ఫాన్ స్ట్రీట్ ఫౌండ్రీలో, అంటే అచ్చు అక్షరాలు పోసే కార్ఖానాలో, రాబర్ట్ బెస్లీ దాన్ని విడుదల చేశాడు, అచ్చు చెక్కింది బెంజమిన్ ఫాక్స్. నిఘంటువులో మామూలు అక్షరాల మధ్య అసలు పదం కొట్టొచ్చినట్టు కనపడాలి, కానీ కాలమ్ సన్నం. ఆ అవసరానికి సరిగ్గా సరిపోయింది. డిజైన్ మీద మూడేళ్ల హక్కు రిజిస్టర్ చేయించుకున్నారు. గడువు తీరగానే మిగతా ఫౌండ్రీలన్నీ అలాంటివే పోసి అమ్ముకున్నాయి.

పోస్టర్లకి వచ్చేసరికి అచ్చులు పోసే సీసం పనికిరాలేదు. పెద్ద అక్షరం పోస్తే మోయలేనంత బరువు, పైగా చల్లారేటప్పుడు ముఖం సమంగా రాదు, గుంటలు పడుతుంది. 1827లో న్యూయార్క్‌లో డేరియస్ వెల్స్ చెక్కని చెక్కే రౌటర్ తెచ్చాడు. 1834లో విలియం లెవెన్‌వర్త్ దానికి పాంటోగ్రాఫ్ జోడించాడు. నమూనా అక్షరం ఒక్కటి ఉంటే చాలు, దాని గీత మీద ముల్లు నడిపితే కావలసిన సైజులో మరో చెక్క మీద అదే అక్షరం దిగుతుంది. మేపుల్ చెట్టుని అడ్డంగా కోసిన ముక్కలు వాడేవారు. అంటే పీచు కొనలు పైకి ఉంటాయి, అంచు విరగదు, ఒత్తిడికి నలగదు. ఎత్తు మాత్రం సీసం అచ్చుకి సమానంగా, అంగుళంలో 0.918 వంతు. అందుకే చెక్కా సీసం ఒకే ఫారంలో, అంటే అక్షరాలు పేర్చే చట్రంలో, బిగించి అచ్చు వేసేవారు.

పాత పోస్టర్‌ని కాస్త జాగ్రత్తగా చూడండి. ప్రతి వరసా ఈ అంచు నుంచి ఆ అంచుకి నిండుగా ఉంటుంది. పేరు చిన్నదైతే వెడల్పు అక్షరం, పొడుగు పేరైతే సన్నని అక్షరం. అక్షరాలు పేర్చే కంపోజిటర్ సొరుగు తెరిచి పట్టేదాన్ని వెతుక్కునేవాడు. ఈ అక్షరాల్లో ఇన్ని వెడల్పులు రావడానికి కారణం వరస నింపాల్సిన ఆ అవసరమే. దాన్ని అలంకారం కోసం చేసిన పని అనుకుంటే పొరపాటు.

చదువుకునే రోజుల్లో నేనొక నాటకానికి పోస్టర్ చేశాను. పేరు పట్టలేదని కంప్యూటర్లో అక్షరాల్ని రెండు పక్కల నుంచీ నొక్కేశాను. గోడ మీద పెట్టాక నలిగిన డబ్బాల్లా ఉన్నాయి. ఆ బాధ చాలా రోజులు ఉంది. నొక్కితే నిలువు గీతలు సన్నబడతాయి, అడ్డగీతలు అలాగే ఉంటాయి. ఈ హెచ్ కూడా అంతే కదా అని మీకు అనిపించొచ్చు. దీని పక్కన ఇంగ్లీషు ‘ఓ’ పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. నొక్కిన ‘ఓ’ కోడిగుడ్డు అవుతుంది. చెక్కినవాడు దాని పక్కల్ని నిటారు గీతలు చేశాడు. లోపలి తెలుపు, అక్షరాల మధ్య తెలుపు దాదాపు సమానంగా వచ్చేలా చూసుకున్నాడు. నలుపు ఎంత లావైనా కన్ను ఆ తెలుపు పట్టుకునే చదువుతుంది.

ఇక పాతదనం. చెక్క మీద గాటు పడ్డచోట సిరా అంటదు, కాగితం మీద తెల్ల మచ్చ వస్తుంది. ఇప్పటి ఫాంట్లలో ఆ మచ్చల్ని కూడా గీసి పెడుతున్నారు. తప్పేమీ లేదు. కానీ ఒకే మాటలో రెండు ఇంగ్లీషు ‘ఈ’లు వచ్చి, రెండింటికీ ఒకే చోట ఒకే గాటు కనిపిస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ఫారంలో ఆ రెండూ వేరువేరు ముక్కలు. ఎవరి దెబ్బలు వాళ్లవి. ఒక్కో అక్షరానికి రెండు మూడు రూపాలు గీసి, ఫాంటే మార్చుకుంటూ పోయేలా ఇప్పుడు చేయొచ్చు. ఆ శ్రమ పడండి.

తెలుగులో ఇది చేద్దామనుకునేవాళ్లకి ఒక మాట. మన ‘ర’కి, ‘ఠ’కి కింద పాదం లేదు, గుండ్రంగా తిరిగిపోతుంది. అక్కడ స్లాబ్ తగిలిస్తే అతికించినట్టే ఉంటుంది. నాకైతే తలకట్టు దగ్గర ప్రయత్నించాలని ఉంది. అక్షరాన్ని సన్నం చేస్తే ‘ఘ’ లోపలి తెలుపు పూడుకుపోతుంది, ఒత్తు వస్తే కింది వరసకి తగులుతుంది. ముందు ఆ రెండూ తేల్చుకోవాలి.

ఆ బల్ల మీద సిరా, రోలరు, కాగితాలు ఉన్నాయి. హెచ్ ఎవరి చేతిలో ఉందో వాళ్లు ముందుకు రండి. చెయ్యి నల్లబడినా పర్వాలేదు. మొదటి కాగితం మీద ఎడమ కాలి మూల చూడండి, గింజంత గాటు పడుతుంది.