సిమెంట్ పెట్టించుకున్న పన్ను ముందే తగులుతోందా? (వీడియో స్క్రిప్ట్)

[తెర మీద: కింది దవడ పన్ను, పైనుంచి తీసిన ఫొటో. మధ్యలో నల్లటి గుంట. పక్కన అదే పన్ను, ఫిల్లింగ్ అయ్యాక.]

పుచ్చిన పన్నుకి సిమెంట్ పెట్టించుకున్నారు. అద్దంలో చూస్తే ఎక్కడ పెట్టారో కూడా తెలియనంత బాగుంది. మత్తు దిగాక అన్నం తిందామని కూర్చుంటే, అన్ని పళ్లకన్నా ముందు ఆ ఒక్క పన్నే తగులుతోంది. గట్టిగా నమిలితే జివ్వుమంటోంది. ఫోన్ చేసి అడిగితే "కొన్నాళ్లు చూడండి, అదే అలవాటైపోతుంది" అన్నారు.

ఒప్పుకోకండి. ఎందుకో చెప్తాను.

[తెర మీద: ప్లాస్టర్ దవడ నమూనాలు. నెమ్మదిగా మూసుకుంటాయి.]

దవడ పన్ను పైభాగం చదునుగా ఉండదు. అంచుల్లో మొనలుంటాయి, మధ్యలో పల్లం, దాంట్లో సన్నటి గాడులు. నోరు మూసినప్పుడు పై పళ్లకు అంగిలి వైపున్న మొనలు కింది పళ్ల పల్లాల్లోకి దిగుతాయి. కింది పళ్లకు బుగ్గ వైపున్న మొనలు పై పళ్ల పల్లాల్లో కూర్చుంటాయి, రోట్లో రోకలి దిగినట్టు. పన్ను మొత్తం పన్నుకి అతుక్కోదు, చిన్న చిన్న చుక్కల దగ్గరే ఆనుతుంది. ఇక్కడే చిక్కుంది. పుచ్చు తరచుగా మొదలయ్యేది కూడా ఆ పల్లాల్లో, గాడుల్లోనే. కాబట్టి డాక్టర్ సిమెంట్ నింపే చోటు, ఎదుటి పన్ను మొన వచ్చి కూర్చునే చోటు చాలాసార్లు ఒకటే అవుతుంది.

ఎంత ఎత్తు పెరిగితే తెలుస్తుంది? అన్నంలో ఇసుక రేణువు ఒక్కటి పడితే ఎలా ఉలిక్కిపడతామో మీకు తెలుసు. పంటి వేరుకీ ఎముకకీ మధ్య సుమారు 0.2 మిల్లీమీటర్ల మందాన ఒక పొర ఉంటుంది. నొక్కుడు తెలిసే నరాలు దాంట్లోనే ఉంటాయి. 20 మైక్రాన్లంటే మిల్లీమీటరులో యాభయ్యో వంతు. అంత పలచటి రేకు పళ్ల మధ్య పెట్టినా చాలామంది పసిగడతారు. అందుకే "నాకేదో ఎత్తుగా అనిపిస్తోంది" అని పేషెంట్ అంటే, అద్దం పెట్టి చూసి "ఏం లేదే" అనడం కుదరదు. కంటికన్నా పన్నుకే బాగా తెలుస్తుంది.

[తెర మీద: పొడుగాటి చిమ్మట, దాని చివర నీలం కాగితం. క్లోజప్.]

ఈ నీలం కాగితాన్ని మీ పళ్ల మధ్య పెట్టి "టక్ టక్ మని కొరకండి" అంటారు కదా, అదే ఆర్టిక్యులేటింగ్ పేపర్. 40, 100, 200 మైక్రాన్లు, ఇలా రకరకాల మందాల్లో దొరుకుతుంది. పళ్లు ఎక్కడ తగిలితే అక్కడ రంగు అంటుకుంటుంది. చూడ్డానికి సులువే కానీ, చదవడం అంత సులువు కాదు. పన్ను తడిగా ఉంటే రంగు సరిగా అంటదు, గాలి కొట్టి ఆరబెట్టాలి. మచ్చ పెద్దగా ఉన్నంత మాత్రాన అక్కడే గట్టిగా తగులుతోందని కాదు.

[తెర మీద: ఫిల్లింగ్ మీద నీలం మచ్చ. బాణం గుర్తు దాని మధ్యభాగాన్ని చూపిస్తుంది.]

ఇది చూడండి. చుట్టూ నీలం గాజులా గుండ్రంగా ఉంది, మధ్యలో రంగు లేదు. అంత గట్టిగా నొక్కుకోవడం వల్ల అక్కడి రంగు పక్కకు పోయింది. హై పాయింట్ అంటే ఇదీ. చెరిపేసినట్టు పరుచుకున్న మరకని చూసి సిమెంట్ అరగదీస్తూ పోతే, తగలాల్సిన చోటు కూడా పోతుంది.

నాకు ఇంకా నమ్మకమున్న పరీక్ష 8 మైక్రాన్ల లోహపు రేకుతో చేసేది. పని మొదలుపెట్టకముందే, బాగుచేసే పన్ను పక్కనున్న పై పన్నుకీ కింది పన్నుకీ మధ్య ఆ రేకు పెట్టి కొరకమంటారు. లాగితే రాకుండా పళ్లు పట్టుకుంటాయి. ఫిల్లింగ్ అయ్యాక మళ్లీ అదే చోట లాగుతారు. ఇప్పుడు సులువుగా జారి వచ్చేసిందంటే, కొత్త సిమెంట్ ఎత్తుగా ఉండి పక్కనున్న పై, కింది పళ్లను కలవనివ్వట్లేదన్నమాట. ముందు చూసి పెట్టుకోకపోతే మాత్రం తర్వాత దేంతో పోల్చుకుంటారు? మత్తింజెక్షన్‌కి ముందే ఒకసారి కాగితం పెట్టి చూసే డాక్టర్ మీకు దొరికితే వదులుకోకండి.

నిటారుగా మూయడం ఒక్కటే చాలదు. నమిలేటప్పుడు దవడ పక్కలకు జరుగుతుంది. అందుకే రెండో రంగు కాగితం పెట్టి "అటూ ఇటూ రుద్దండి" అంటారు.

మత్తులో ఉన్నప్పుడు పెదవి, నాలుక మొద్దుబారి ఉంటాయి. సరిగ్గా కొరుకుతున్నామో, ఒక పక్కకి జరిపి కొరుకుతున్నామో మనకే తెలియదు. పైగా కుర్చీలో వెల్లకిలా పడుకుంటే కింది దవడ కాస్త వెనక్కి జారుతుంది. కాబట్టి చివర్లో కుర్చీ లేపి కూర్చోబెట్టి చూడమని అడగండి. అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

సరే, అలవాటయ్యే సంగతి. తెల్ల సిమెంట్, అంటే కాంపోజిట్, నీలం లైటు పెట్టగానే గట్టిపడుతుంది. అది వారం రెండు వారాల్లో అరిగిపోయేది కాదు. ఈలోగా దెబ్బ పడేది ఇందాక చెప్పిన, వేరుకీ ఎముకకీ మధ్యనుండే పొరకి. కొరికితే నొప్పి, చల్లటి నీళ్లు తాగితే జివ్వుమనడం, ఒక్కోసారి సిమెంట్ గానీ పంటి మొన గానీ విరగడం. వెండి సిమెంట్ పూర్తిగా గట్టిపడటానికి దాదాపు ఒక రోజు పడుతుంది, అది ఎత్తుగా ఉన్నప్పుడు తొందరపడి కొరికితే చిట్లుతుంది. నొప్పి భయంతో రెండో వైపే నమలడం మొదలెడతారు. మీరు అలవాటయిందనుకునేది అదే.

ఎత్తు తగ్గించాలని మరీ లోతుగా చెక్కేసినా ఇబ్బందే. ఆనడానికి ఏమీ దొరక్కపోతే ఎదుటి పన్ను నెలలు గడిచేకొద్దీ మెల్లగా బయటికి జరిగి వస్తుంది.

అన్ని నొప్పులూ ఎత్తు వల్లే రావు. చల్లటిది తగిలితే క్షణంపాటు జిల్లుమని, రోజురోజుకీ తగ్గుతుంటే కంగారు లేదు. వేడి కాఫీ తాగాక నొప్పి చాలాసేపు ఉండిపోతున్నా, రాత్రిళ్లు నిద్ర లేపేలా సలుపుతున్నా లోపలి నరం సంగతి చూడాలి. పళ్ల సందులో కొత్తగా ఆహారం ఇరుక్కుంటుంటే అది పక్క పన్నుతో కలిసే చోట వచ్చిన లోపం.

[తెర మీద: క్లినిక్ కుర్చీలో నిటారుగా కూర్చున్న పేషెంట్.]

ఎత్తుగా తగులుతోందని ఒకటి రెండు రోజుల్లో తేలితే వెంటనే వెళ్లండి. నొప్పిగా ఉంది అని మాత్రమే చెప్పకండి. "నోరు మూస్తే ఇదే ముందు తగులుతోంది" అనో, "పక్కకి జరిపితే తగులుతోంది" అనో విడమరిచి చెప్పండి. చెక్కేది సిమెంట్‌నే కాబట్టి మామూలుగా ఇంజెక్షన్ అక్కర్లేదు, మత్తిస్తే సరిపోయిందో లేదో మళ్లీ మీకే తెలియదు. కొన్ని నిమిషాల పని. చెక్కాక నాలుకతో తడిమి చూసి, గరుకుగా ఉంటే పాలిష్ చేయించుకునే లేవండి.