హెపటైటిస్ సి ఉన్నవాళ్ల థైరాయిడ్ రిపోర్టు ఎలా చూడాలి?

నమస్కారమండీ. హెపటైటిస్ సి (లివర్‌కి సోకే వైరస్ జబ్బు) ఉన్న ఒక మనిషి థైరాయిడ్ రిపోర్టు చేతిలో ఉందనుకోండి. టీ3, టీ4, టీఎస్‌హెచ్... మూడే లైన్లు. మొదటి రెండూ థైరాయిడ్ గ్రంథి వదిలే హార్మోన్లు, మూడోది ఆ గ్రంథిని పనిచేయించే హార్మోను. టీ4 ఎక్కువుందని లావు అక్షరాల్లో కొట్టారు. టీఎస్‌హెచ్ చూస్తే నార్మల్. ఇంట్లో వాళ్లకి అప్పుడే గుండెల్లో రాయి పడింది, ‘ఇప్పుడు థైరాయిడ్ కూడానా’ అని.

ఆగండి. టీ4 రక్తంలో చాలావరకు ప్రోటీన్ల వీపెక్కి తిరుగుతుంది. వాటిలో ముఖ్యమైనదాన్ని తయారుచేసేది లివరే. హెపటైటిస్‌లో అది పెరగొచ్చు. మోసేవాళ్లు ఎక్కువైతే మూటలూ ఎక్కువ కనిపిస్తాయి, అంతే. పనిచేసేది మాత్రం విడిగా తిరిగే ఆ కాస్త టీ4. అందుకే ‘ఫ్రీ టీ4’ చూడాలి. మన ల్యాబుల్లో మామూలు ప్యాకేజీలో అది చాలాసార్లు ఉండదు, అడిగి రాయించుకోవాలి.

అలాగని థైరాయిడ్ రాదనుకోకండి. ఈ వైరస్ ఉన్నవాళ్లలో, ముఖ్యంగా ఆడవాళ్లలో, థైరాయిడ్‌కి ఎదురుతిరిగే యాంటీబాడీలు, హైపోథైరాయిడ్ (గ్రంథి తక్కువ పనిచేయడం) ఎక్కువగానే కనిపిస్తాయి. చిక్కేంటంటే రెండింటికీ నీరసమే. పొద్దున లేవబుద్ధి కాదు, ఒళ్లు బరువు. ‘లివర్ జబ్బు కదా, నీరసం ఉండదా మరి’ అని ఇంట్లో వాళ్లే తీర్పు చెప్పేస్తారు. ఒక్క టీఎస్‌హెచ్ చేయిస్తే తేలే సంగతి, ఏళ్లకేళ్లు నానుతుంది.

ఒకప్పుడు హెపటైటిస్ సి తగ్గడానికి ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లుండేవి. వారానికొకటి చొప్పున 24 లేదా 48 వారాలు. థైరాయిడ్‌ని బాగా కదిపింది అవే. కొందరికి ముందు గుండెదడ, చెమటలు, బరువు తగ్గడం. కొన్నాళ్లకి అదే మనిషికి చలి, మలబద్ధకం, ముఖం ఉబ్బరం. వాచిన గ్రంథి దాచుకున్న హార్మోనంతా ఒక్కసారి వదిలేసి, తర్వాత ఖాళీ అయ్యేది. కొందరికి తిరిగి కోలుకునేది, కొందరికి థైరాయిడ్ మాత్ర మిగిలిపోయేది. 2013 చివర్లో అమెరికాలో హెపటైటిస్ సి మాత్ర సోఫోస్‌బువిర్‌కి అనుమతి వచ్చాక కథ మారింది. ఇప్పుడు చాలామందికి 12 వారాల మాత్రలతో సరి, ఈ గొడవ దాదాపు లేదు. కానీ అప్పట్లో ఆ ఇంజెక్షన్లు చేయించుకున్నవాళ్లు ఆ మాట ఇప్పటి డాక్టరుకి తప్పకుండా చెప్పండి.

హైపోథైరాయిడ్ తేలితే మాత్ర పరగడుపునే, టిఫినుకి అరగంట, గంట ముందు. అదే హైపర్ (గ్రంథి ఎక్కువ పనిచేయడం) అయితే, దానికిచ్చే మందులు కొందరికి లివర్‌ని ఇబ్బంది పెడతాయి. అందుకే లివర్ డాక్టరూ, థైరాయిడ్ డాక్టరూ ఒకరి చీటీ ఒకరు చూడాలి.

ఇంకొకటి, జుట్టు ఊడుతోందని బయోటిన్ అనే విటమిన్ మాత్రలు వేసుకుంటున్నారా? కొన్ని మెషీన్లలో వాటివల్ల టీఎస్‌హెచ్ తక్కువగా, ఫ్రీ టీ4 ఎక్కువగా తప్పుడు అంకెలొస్తాయి. రక్తం ఇచ్చేముందు కనీసం రెండు రోజులు ఆపి వెళ్లండి.